మేజోళ్లు తొడిగిన ఎనిమిది సీసాలు

రైన్‌తీరం (మైన్జ్, జర్మనీ)
8 డిసెంబరు 2024, మధ్యాహ్నం 3:10

నిన్న శనివారం మా ఇంట్లో ఆరుగురం కూర్చుని ఎనిమిది రకాల వైన్ రుచి చూశాం. ఎనిమిది సీసాలూ ఖాళీ చేశామనుకునేరు, మనిషికి ఒక్కోదాంట్లో రెండు గుక్కలే. మిగిలినవి బిరడాలు బిగించుకుని ఫ్రిజ్‌లో పాల డబ్బాల పక్కన నిలబడి ఉన్నాయి. పేరూ ధరా కనబడకుండా సీసాలకు మావాడి ఫుట్‌బాల్ మేజోళ్లు తొడిగాం (ఉతికినవే).

నియమం ఒక్కటే, మా ఆవిడ పెట్టింది. చిన్నప్పుడు తినని పండు పేరు ఎత్తకూడదు. అమలాపురంలో పెరిగినవాడు బ్లాక్‌కరెంట్ అన్నాడో, డిబ్బీలో రెండు యూరోలు వెయ్యాలి. మొదటి అరగంటలో పది యూరోలు పడ్డాయి, అందులో ఆరు నావే. పదేళ్లుగా చదివి పోగేసిన మాటలు కదా, ముక్కుకు వాసన తగలకముందే నోట్లోంచి జారిపోతాయి.

మొదటి మేజోడులో ఉన్నది ఫ్రాన్స్ కొత్త పంట ఎర్ర వైన్, బోజొలే నూవో 2024. ఏటా నవంబరు మూడో గురువారం విడుదల చేస్తారు, ఈసారి 21న వచ్చింది. అంటే కోసిన ద్రాక్ష రెండు మూడు నెలల్లో మా బల్లమీద ఉందన్నమాట. గమే రకం ద్రాక్షను చిదపకుండా గుత్తులకు గుత్తులే మూసిన తొట్లలో వేసి, బొగ్గుపులుసు వాయువు మధ్య పులియనిస్తారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టగానే నలుగురం ఒకేసారి అన్నాం: అరటిపండు! అదీ బాగా మగ్గిన చక్కెరకేళి. ఎర్ర వైన్‌లో అరటిపండేంటి అని ఎవరికీ అనుమానం రాకపోవడం నాకు భలే నచ్చింది. వగరు లేదు, బరువు లేదు. పిల్లల పుట్టినరోజుకి కలిపే షర్బత్‌కి అన్నయ్య. దీన్ని దాచిపెడితే ఏమీ రాదు, ఈ శీతాకాలమే తాగెయ్యాలి.

తర్వాత రెండు మేజోళ్లలోనూ ఒకే ద్రాక్ష, ఒకే నది ఒడ్డు. మోజెల్ లోయ రీస్లింగ్. ఒకటి 2023 కబినెట్ (తేలిక రకం), రెండోది 2005 ష్పేట్‌లేసె (ఆలస్యంగా కోసిన ద్రాక్షది). చిన్నదానికి రంగే లేదు, మంచినీళ్లకు నిమ్మచెక్క చూపించినట్టుంది. కొంచెం తీపి, దాన్ని తరుముతూ పులుపు. పచ్చిమామిడి ముక్క మీద ఉప్పూ పంచదారా జల్లినట్టు. పెద్దది గానుగ నువ్వుల నూనె రంగు. మా స్నేహితుడొకడు గ్లాసు ఎత్తి, వెంటనే దించేసి, "అన్నా, ఇది పాడైపోయింది, కిరసనాయిలు కంపు" అన్నాడు. మా ఆవిడ వాసన చూసి, "కంపేం కాదు, మా నాయనమ్మ పంపు స్టవ్వు" అంది. పిన్ను పెట్టి పొడిచి, పంపు కొట్టి, మంట అంటుకునే ముందు క్షణం వచ్చే వాసన. దాని కింద తేనె, ఎండబెట్టిన నారింజ తొక్క. గుక్క మింగి నిమిషమయ్యాక కూడా నోట్లో పులుపు అలాగే నిలబడి ఉంది. పందొమ్మిదేళ్ల సీసాకి ఆ పులుపే ప్రాణం.

మిగతా అయిదూ రాత్రికి రాస్తా. వంటింట్లోంచి పిలుపొచ్చింది.


గౌతమీతీరం (రాజమహేంద్రవరం)
8 డిసెంబరు, సాయంత్రం 6:02

నాయనా, మీ ఆవిడ ముక్కుకి నా నమస్కారం. కాలేజీలో ముప్ఫై ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ని కాబట్టి ఊరుకోలేను.

ఆ కిరసనాయిలు వాసనకు కారణమైన పదార్థాన్ని పొట్టిగా టీడీఎన్ అంటారు. ద్రాక్ష తొక్కలో కెరోటినాయిడ్లు ఉంటాయి, క్యారెట్‌కి రంగిచ్చే జాతివే. అవి విరిగినప్పుడు పుట్టిన పదార్థాలు సీసాలో ఏళ్ల తరబడి మెల్లగా మారుతూ దీన్ని ఇస్తాయి. ఎండ ఎక్కువ తగిలిన గుత్తుల్లో ఇంకాస్త ఎక్కువ. కాబట్టి మీ స్నేహితుడు వాసన సరిగ్గానే పట్టాడు, తీర్పే తప్పు. అరటిపండు వాసన సంగతీ అంతే. అది ఐసోఎమైల్ ఎసిటేట్, అరటిపండులో ఉన్నదీ అదే. మిఠాయిల్లో కలిపే బనానా ఎసెన్సూ అదే. మీ నలుగురికీ భ్రమ కలగలేదు, సీసాలో నిజంగానే అరటిపండు వాసన ఉంది.


బే ఏరియా బాబాయ్ (ఫ్రీమాంట్)
8 డిసెంబరు, రాత్రి 8:47

మాస్టారూ, నాకు ఈ పాత సీసాల మోజు అర్థం కాదండీ. డబ్బు పెట్టి కిరసనాయిలు తాగడమా? మా ఇంట్లో ఇక్కడి కాలిఫోర్నియా ఎర్ర వైన్, లోడై జిన్ఫండెల్, రెండేళ్ల వయసు, పదిహేను శాతం ఆల్కహాల్. మేక మాంసం కూర, పక్కన ఇది. జన్మ ధన్యం. ముసలి వైన్ అంతా పక్కవాళ్లకి చూపించుకోవడానికే.


పచ్చిజామ (హైదరాబాద్)
8 డిసెంబరు, రాత్రి 9:30

బాబాయ్, గా కారం కూర మీద పదిహేను శాతం ఆల్కహాల్ పోస్తె నోరు మండదా? మండిన మంటకు రుచేం తెలుస్తది నీకు? మంట మీద పెట్రోల్ పోసినట్టే. ఎర్ర వైన్‌ల వగరు ఉంటది చూడు, అది కూడ కారాన్ని ఇంక పెంచుతది. నేనైతే గోంగూర మటన్‌కు గా కబినెట్ లెక్క కొంచెం తీపి, బాగ పులుపు ఉన్నదే పెట్టుకుంట. గోంగూర పులుపు ముందట మామూలు వైన్ పెడితే నీళ్ల లెక్క అయితది. కూర కన్న వైనే పుల్లగ ఉండాలె.

అన్నా, మిగిలిన అయిదు రాయి జల్ది. ఇక్కడ "వైన్స్" అని బోర్డు పెట్టి వైన్ తప్ప అన్ని అమ్ముతరు. మేం చదువుకునే తాగాలె.


రైన్‌తీరం (మైన్జ్, జర్మనీ)
9 డిసెంబరు, తెల్లవారుజాము 12:20

రెండో విడత.

స్పెయిన్ రియోహా నుంచి జంట. క్రియాంసా 2021, గ్రాన్ రిసర్వా 2011. అక్కడ చట్టమే వయసు చెబుతుంది. క్రియాంసా అనాలంటే రెండేళ్లు, అందులో కనీసం ఏడాది పీపాలో ఉండాలి. గ్రాన్ రిసర్వాకి అయిదేళ్లు, కనీసం రెండేళ్లు పీపాలో. అక్కడ అమెరికా ఓక్ కర్ర పీపాలు వాడటం పాత అలవాటు. చిన్నదాంట్లో నేరేడుపండు. తిన్నాక నాలుక ఊదాగా మారి, చెంపలు లోపలికి పీక్కుపోతాయే, అచ్చం అదే. వెనకాల పచ్చికొబ్బరి. పెద్దదాంట్లో కొబ్బరి ఎండిపోయింది. నేరేడు పోయి ఎండు ఖర్జూరం వచ్చింది. ఇంకా మా తాతగారి చుట్టల పెట్టె. వగరు నోటిని పట్టుకోదు, చీర కొంగు తగిలినట్టు తగిలి వెళ్లిపోతుంది. గ్లాసు వంచి తెల్లకాగితం మీద చూస్తే అంచు ఇటుక రంగు.

ఆ పెద్ద సీసాని శుక్రవారం ఉదయం నుంచే నిలువుగా పెట్టాను, మడ్డి అడుక్కి దిగాలని. వంచేటప్పుడు ఫోన్ టార్చి సీసా మెడ కింద పెట్టి, చేయి కదపకుండా ఒకే ధార. మడ్డి సన్నటి దారంలా భుజం దాకా వచ్చిందో లేదో ఆపెయ్యాలి. నా చేయి వణుకుతుంటే మా అత్తగారు లాక్కుని, "చారు తేట వంచడం రాదా అల్లుడుగారూ" అంటూ ఒక్క నలుసు పడకుండా వంచేశారు. ఆవిడ వైన్ ముట్టరు. అడుగున మిగిలింది చూసి మాత్రం, "చింతపండు పిప్పిలా ఉందే" అన్నారు.

ఆరోది ఇటలీ బరోలో 2008. ఎనభై యూరోలు. మేజోడు తియ్యకముందే నాకు గుండె జారింది. వానకు తడిసిన గోనెసంచి వాసన. బిరడా జబ్బు, అంటే బిరడా నుంచి వైన్‌కి అంటుకునే బూజు కంపు. ఇంకేం రాయను, నాకే ఏడుపొస్తోంది.

ఏడోది నాసిక్ ఎర్ర వైన్, షిరాజ్ 2022. మా తమ్ముడు సూట్‌కేసులో లుంగీ చుట్టి తెచ్చాడు. ఇక్కడ పెద్ద గొడవైంది. ముగ్గురు "మిరియాల చారు" అన్నారు. నాకు మిరియం ఆనవాలే దొరకలేదు. మా ఆవిడ అయితే "జలుబు చేసిందా నీకు" అని నుదురు ముట్టుకుని చూసింది.

చివరిది అసలు కథ. ఫ్రాన్స్ జూరా ప్రాంతం వాన్ జోన్ 2015. పేరుకి అర్థం పసుపు వైన్. సవాన్యా అనే తెల్ల ద్రాక్ష. పీపాలో వైన్ ఆవిరై తగ్గుతుంటే మామూలుగా నింపుతూ పోతారు, వీళ్లు నింపరు. పైన ఈస్టు మీగడలా పొర కడుతుంది. ఆ పొర కిందే, ద్రాక్ష కోసింది మొదలు ఆరేళ్ల మూడు నెలలు దాటేదాకా ఉంచాలి. సీసా కూడా పొట్టిది, 62 సెంటీలీటర్లు. లీటరు పోస్తే అన్నేళ్లకు మిగిలేది అంతేనట. గ్లాసు పంచాక ఎవరూ మాట్లాడలేదు. వాసన తెలుసు, పేరు రాదు. డిబ్బీలో రెండు యూరోలు వేసి "ఆక్రోట్" అన్నాడొకడు. మా అత్తగారు వంటింటి గుమ్మంలోంచే, "మెంతులెవరు వేయించారే?" అని అడిగారు.

అంతే. ఆరుగురం ఒకేసారి గ్లాసులో ముక్కు పెట్టాం. ఆవకాయలో వేసేముందు దోరగా వేగిన మెంతులు! ఒళ్లు జలదరించింది.


గౌతమీతీరం (రాజమహేంద్రవరం)
9 డిసెంబరు, ఉదయం 7:15

మీ అత్తగారిని కాలేజీలో పెట్టాల్సింది, నా బదులు.

మెంతులకు ఆ వాసనిచ్చే ముఖ్య పదార్థం సోటోలోన్. వాన్ జోన్‌కి గుర్తు కూడా అదే. పోర్చుగల్ వైన్లయిన మదీరాలోనూ, పీపాల్లో ఏళ్ల తరబడి పండిన టానీ పోర్టులోనూ కనబడుతుంది. ఫ్రెంచివాళ్లు దాన్ని వర్ణించడానికి కూరపొడి అనీ ఆక్రోట్ అనీ అవస్థ పడతారు. మన వంటింట్లో దానికి ఒక్క మాట చాలు.

వగరు గురించి కూడా ఒక మాట. ఇంగ్లీషు పుస్తకాలు చదివి టానిన్ అంటే ఏమిటని అడిగే పిల్లలకి నేను వక్క నమలమని చెప్పేవాణ్ని. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్ద చేస్తాయి, నోట్లో జారుడు పోయి గరుకు వస్తుంది. షడ్రుచుల్లో వగరుకి మనవాళ్లు చోటిచ్చారు, అందుకే మనకు అది పరాయిది కాదు. సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ ఆ టానిన్లు, రంగు పదార్థాలు ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుగుకు దిగుతాయి. మీరు తేర్చి వదిలేసిన మడ్డిలో పెద్ద భాగం ఆ పాత వగరే. చింతపండు పిప్పి అన్న పోలిక కూడా ఊరికే పోదు. చింతపండుకి పులుపిచ్చేదీ ద్రాక్షకి పులుపిచ్చేదీ ఒకటే, టార్టారిక్ ఆమ్లం.

ఇక మిరియం తగాదా. దీనికి కారణం రోటండోన్, మిరియంలో ఉన్నదే. షిరాజ్‌లో అది ఉందని ఆస్ట్రేలియా వాళ్లు 2008లో బయటపెట్టారు. తమాషా ఏమిటంటే సుమారు అయిదుగురిలో ఒకరికి ఆ వాసన బొత్తిగా తెలియదు. మీకు జలుబేం లేదు నాయనా, పుట్టుకే అంత.


రైన్‌తీరం (మైన్జ్, జర్మనీ)
9 డిసెంబరు, ఉదయం 9:05

నలభై రెండేళ్లు మిరియాల చారు తాగాను మాస్టారూ! ఏం తాగినట్టు మరి?


పచ్చిజామ (హైదరాబాద్)
9 డిసెంబరు, ఉదయం 10:12

ఘాటు తాగినవ్ అన్నా. నాలికకు మంట తెలుస్తది, ముక్కుకే వాసన తెల్వది. వదిన చేసిన చారును ఇన్నేండ్లు ఊకెనే మెచ్చుకున్నవన్న మాట 😄


నాసిక్‌రోడ్ (నాసిక్)
9 డిసెంబరు, మధ్యాహ్నం 1:40

మా ఊరి సీసా పేరు వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. నేను కడప జిల్లావాణ్ని, పదకొండేళ్లుగా ఇక్కడ తోటల పనిలో ఉన్నాను.

యూరప్‌లో తీగ చలికి నిద్రపోతుంది. ఇక్కడ దానికి నిద్ర లేదు, కత్తెరతో మనమే రుతువు చెప్పాలి. ఏప్రిల్‌లో ఒకసారి కత్తిరిస్తాం, ఆ చిగుళ్లు వానాకాలం దాటిస్తాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో ఇంకోసారి కత్తిరిస్తే కాపు. కోత జనవరి చివర మొదలై మార్చి దాకా. అంటే కాయ పండేది చలికాలంలో, ఎండలు ముదిరేలోపు తెంపేయాలి. ఫిబ్రవరి చివర్లో మాకు రోజూ పరుగే. తీపి గబగబా ఎక్కుతుంది, పులుపు అంతకన్నా గబగబా దిగుతుంది. నిన్న సాయంత్రం "రేపు చూద్దాం" అన్న గుత్తి ఈరోజు మధ్యాహ్నానికి చేయి దాటిపోతుంది. అందుకే మా వైన్లు చాలావరకు రెండు మూడేళ్లలో తాగాల్సినవి. పైన పందొమ్మిదేళ్ల రీస్లింగ్‌కి పులుపే ప్రాణమన్నారు చూడండి, మాకు తక్కువయ్యేది సరిగ్గా అదే.

రాజీవ్ సామంత్ 1999లో సులా వైన్ కంపెనీ మొదలుపెట్టే నాటికి ఈ చుట్టుపక్కలంతా తినే ద్రాక్షే. ఇప్పటికీ ఎక్కువ ఎకరాలు అవే. పాతికేళ్ల పరిశ్రమని వందల ఏళ్ల ఊళ్లతో పక్కపక్కన పెట్టి రుచి చూడటం కొంచెం అన్యాయమే. అయినా మిరియం పట్టుకున్నారు, సంతోషం.


పచ్చిజామ (హైదరాబాద్)
9 డిసెంబరు, మధ్యాహ్నం 2:25

తినే ద్రాక్ష అంటె యాదికొచ్చింది. మా అమ్మమ్మోళ్లకు శంషాబాద్ దిక్కు ద్రాక్షతోట ఉండె. అనాబ్-ఎ-షాహి. లావు కాయ, లేత పచ్చ, కొరికితె నోటి నిండ నీళ్లు. దాంతోని వైన్ చేస్తె ఎట్లుంటదని అడిగితె మా మామ నవ్విండు, "నీళ్లే బిడ్డా, ఏముంటది" అని. ఇప్పుడు ఆడ అపార్ట్‌మెంట్లు.

ఇంకొకటి. ఈడ ఒక దుకాణంల (పేరొద్దు) సీసాలను కిటికీల ఎండకు వరుసగ పెట్టిన్రు, అందంగ ఉంటదని. అండ్ల ఒకటి కొన్న. జామ్ ఉడకబెట్టి మాడిచ్చినట్టుండె. ఇగ ఎర్ర వైన్ "గది ఉష్ణోగ్రత"ల తాగాలంటరు, ఆ గది ఎవ్వల్ది? పదహారు, పద్దెనిమిది డిగ్రీలుండే వాళ్ల పాత ఇండ్లది. మన ముప్పై రెండుల తాగితె వేడి సారా లెక్కనే. అర్ధగంట ఫ్రిజ్‌ల పెట్టుండ్రి, సిగ్గుపడొద్దు.


బెజవాడ ఎండ (విజయవాడ)
9 డిసెంబరు, రాత్రి 8:18

అందరికీ నమస్కారం. కొత్త సభ్యుణ్ని. సందర్భం వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. 2012లో మా గృహప్రవేశానికి ఒక స్నేహితుడు పారిస్ నుంచి బోర్డో ఎర్ర వైన్ తెచ్చిచ్చాడు. 2009 పంట. మంచి సంవత్సరమని, దాస్తే బంగారమవుతుందని చెప్పాడు. అటక మీద పెట్టాను, ఇత్తడి గంగాళం పక్కన. ఇప్పటికి పన్నెండేళ్లు. ధర ఎంత పలుకుతుందంటారు?


నాసిక్‌రోడ్ (నాసిక్)
9 డిసెంబరు, రాత్రి 8:40

అటక మీద. విజయవాడలో. పన్నెండు ఎండాకాలాలు.

నిలబెట్టారా, పడుకోబెట్టారా?


బెజవాడ ఎండ (విజయవాడ)
9 డిసెంబరు, రాత్రి 8:44

నిలబెట్టాం. పడుకోబెడితే కారుతుందని అమ్మ.


గౌతమీతీరం (రాజమహేంద్రవరం)
9 డిసెంబరు, రాత్రి 9:20

బాబూ, 2009 బోర్డో పేరున్న పంటే, మీ స్నేహితుడు అబద్ధమాడలేదు. కానీ దాన్ని దాచాల్సింది పన్నెండు, పద్నాలుగు డిగ్రీల చీకట్లో, పడుకోబెట్టి. నిలబెడితే బిరడా ఎండి ముడుచుకుంటుంది, గాలి దూరుతుంది. అటక మీద వేడికి వైన్ ఉబ్బి బిరడాని తోస్తుంది, చలికి కుంచించుకుని గాలి పీల్చుకుంటుంది. ఏడాదికోసారి ఊపిరి తీసుకున్నట్టే. ఒకసారి వెలుతురుకి ఎత్తి చూడండి, మట్టం ఎక్కడుంది? అమ్మడం సంగతి వదిలెయ్యండి, ఈ ఆదివారం విప్పండి. విషమేం కాదు. మాకు మాత్రం రుచి రాయాలి.


బే ఏరియా బాబాయ్ (ఫ్రీమాంట్)
9 డిసెంబరు, రాత్రి 10:05

చెప్పానా? కొన్న వారమే తాగాలి ఏదైనా. అయితే ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఈ చర్చ చదివి పొద్దున కొట్టుకెళ్లి ఇరవై ఏళ్ల టానీ పోర్టు చిన్న సీసా తెచ్చా. మెంతులు దొరుకుతాయేమోనని. దొరికాయో లేదో గానీ, చిన్నప్పుడు మా ఊళ్లో ఆచారిగారు ఇచ్చే ద్రాక్షారిష్టం దొరికింది. ఆ గోధుమరంగు సీసా, ఆ చిన్న మూత కొలత, మందు అని చెప్పి రెండోసారి అడిగి తాగడం. మా ఆవిడకి ఇచ్చాను, "బెల్లం పాకం, అరిసెలకి ముదిరిపోయింది" అంది. ఇద్దరం కలిపి సగం సీసా దించాం.


రైన్‌తీరం (మైన్జ్, జర్మనీ)
9 డిసెంబరు, రాత్రి 10:31

బాబాయ్! ఇరవై ఏళ్ల ముసలిదాన్ని తాగి, పైగా ఒప్పుకున్నావు కూడా. చరిత్రలో రాసుకోవాలి.


బెజవాడ ఎండ (విజయవాడ)
15 డిసెంబరు, సాయంత్రం 5:50

మాట ప్రకారం ఆదివారం విప్పాను.

మట్టం మెడ దాటి భుజానికి దిగి ఉంది. బిరడా సగం పిండి అయిపోయింది, మిగతా సగం సీసాలో పడింది. టీ వడపోసే జల్లెడతో వడకట్టాం. రంగు ఎర్రగా లేదు, నానబెట్టిన చింతపండు నీళ్లు. వాసన ముందు ఎండుద్రాక్ష, ఆ వెంటనే సోయా సాస్, చివర్లో కొంచెం వెనిగర్. నేను రెండు గుక్కలు తాగాను. మొదటి గుక్కలో ఏదో ఉన్నట్టే అనిపించింది, దూరంగా వెళ్లిపోతున్న మనిషి వీపు చూసినట్టు. రెండోదాంట్లో అదీ లేదు. నాన్న ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని, "కరక్కాయ కషాయంరా ఇది, దగ్గుకి పనికొస్తుందేమో చూడు" అన్నారు.

గౌతమీతీరం మాస్టారు చింతపండూ ద్రాక్షా ఒకటే పులుపని రాసింది అమ్మకి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడకుండా మిగిలినదంతా పళ్లెంలో పోసి, గుప్పెడు ఉప్పు వేసి, పూజగదిలోని రాగిచెంబు తోమింది. చెంబు తళతళలాడిపోతోంది, ఫొటో పెట్టాను చూడండి. ఇంకో సీసా ఉందేమో మీ స్నేహితుణ్ని అడగమంటోంది, గంగాళం కూడా ఉందట.